వేషం విప్పే రోజు: హనోయ్ రాక్స్, గుస్సాడి

నా ఫోనులో ఒక పాత ఫొటో చూసి మా మేనమామ పడీ పడీ నవ్వాడు. నలభై ఏళ్ల కిందటి ఫొటో అది. అయిదుగురు కుర్రాళ్లు. కళ్లకు కాటుక, పెదాలకు రంగు, మెడల్లో రుమాళ్లు, చేతుల నిండా కడియాలు, గాలికి లేచి అట్లే ఆగిపోయినట్టున్న జుట్టు.

"ఏందిరా అల్లుడా, వీళ్లు మొగోళ్లా, ఆడోళ్లా?"

"మొగోళ్లే మామా. పాటలు పాడుతరు. ఫిన్లాండ్ అని చలిదేశం, ఆడి బ్యాండు."

"పాటకు గింత సింగారమా?" అని ఫోను నా చేతిలో పెట్టాడు.

ఆ మామే, దీపావళి ముందర ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ వైపు చుట్టాల ఊళ్లకు పోయినప్పుడు గుస్సాడి ఎదురైతే చెప్పులు విడిచి దండం పెడతాడు. గుస్సాడి తల మీద మూరెడు ఎత్తున నెమలీకల కిరీటం. ఒంటి నిండా బూడిద, చుక్కలు. పెట్టుడు గడ్డం, భుజాన జంతుచర్మం, నడుముకు గజ్జెలు. పక్కనే చీర కట్టి ఆడవేషం వేసిన మగవాళ్లు చిందేస్తుంటారు. వాళ్లను పోరీలంటారు. వాళ్లను చూసి మా మామ ఏనాడూ మొగోళ్లా ఆడోళ్లా అని అడగలేదు. అక్కడ ఆ ప్రశ్నే ఆయనకు తట్టదు.

ఒకే కన్ను ఒక సింగారాన్ని చూసి నవ్వింది, ఇంకొక సింగారానికి మొక్కింది. ఆ కన్నును తప్పుపట్టడం తేలిక. దానికి ఏం తెలుసో కనుక్కోవడం విమర్శకుడి పని.

మేముండే ముల్చేర కూడా ఇటువంటి పోలికలకు అనువైన చోటు. గడ్చిరోలి జిల్లాలో అడవి అంచున ఉన్న తాలూకా కేంద్రం. కచేరీ కాగితాలు మరాఠీలో నడుస్తాయి. చుట్టూ గోండు, మాడియా గూడేలు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కాందిశీకుల ఊళ్లలో బెంగాలీ. దక్షిణాన అహేరి దాటి సిరొంచ వైపు పోయేకొద్దీ తెలుగు చిక్కబడుతుంది. పడమట ప్రాణహిత, దాని అవతల తెలంగాణ. ఒకరి వేషం ఇంకొకరికి వింతగా కనబడటం, నాలుగు రోజుల్లో ఆ వింత అలవాటైపోవడం ఇక్కడ మామూలే. ఆ ఫొటోలోని హెల్సింకి బ్యాండు హనోయ్ రాక్స్‌ను తెచ్చి గుస్సాడి పక్కన నిలబెట్టే ధైర్యం నాకు ఈ ఊరే ఇచ్చింది.

వీళ్ల గాలి వాళ్లకు సోకలేదు, వాళ్ల సంగతి వీళ్లకు తెలియదు. ప్రభావాల కోసం వెతకడం దండగ. అయినా పోలికలు చాలానే ఉన్నాయి. రెండు చోట్లా మగవాళ్లే అలంకరించుకుంటారు. సొంత పేరు పక్కన పెట్టి ఇంకొకరవుతారు. మోత, తిరుగుడు, రాత్రుళ్ల జాగారం రెండింటికీ ఉన్నాయి. రెండూ త్వరగా ముగుస్తాయి కూడా. ఒకటి ఆరేళ్లలో ముగిసి చరిత్రలో కలిసింది. ఇంకొకటి పదిహేను రోజుల్లో ముగిసి మరుసటి ఏడాది మళ్లీ మొదలవుతుంది. ఈ రెండు ముగింపులకూ తేడా ఎక్కడుందన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

ఆరేళ్ల కథ

హనోయ్ రాక్స్ 1979లో హెల్సింకిలో పుట్టింది. గాయకుడు మైఖేల్ మన్రో అసలు పేరు మత్తి ఫాగర్‌హోల్మ్. గిటారిస్టు ఆండీ మెకాయ్ అసలు పేరు అంత్తి హుల్కో. రెండో గిటారు నాస్టీ సూసైడ్‌ది, బేస్ సామి యాఫ్ఫాది. వాళ్లు వాయించింది పంక్ రాక్ దూకుడు, డెబ్భైల నాటి గ్లామ్ రాక్ తళుకు కలిసిన సంగీతం. వాళ్లను నికరంగా గ్లామ్ మెటల్ అనవచ్చా లేదా అన్న వాదన ఉంది. కానీ ఆ పేరు పెట్టుకుని తర్వాత డబ్బు గడించినవాళ్లంతా జుట్టు ఎట్లా లేపాలో, రుమాలు ఎక్కడ కట్టాలో ఈ అయిదుగురిని చూసి నేర్చారన్నదాంట్లో పెద్ద వివాదం లేదు.

ఊరు విడిచి స్టాక్‌హోమ్ పోయి వీధుల్లో బతికారు. 1981లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1982లో లండన్ చేరారు. అక్కడే డ్రమ్మర్ జిప్ కసీనో పోయి, రాజిల్ అనే ఇంగ్లీషు కుర్రవాడు వచ్చాడు. అసలు పేరు నికొలస్ డింగ్లీ. 1983లో ‘బ్యాక్ టు మిస్టరీ సిటీ’ వచ్చింది. 1984లో సీబీఎస్ వంటి పెద్ద కంపెనీ అండతో ‘టూ స్టెప్స్ ఫ్రమ్ ది మూవ్’ వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన బాబ్ ఎజ్రిన్ అంతకుముందు ఆలిస్ కూపర్‌కు, కిస్‌కు, పింక్ ఫ్లాయిడ్ ‘ది వాల్’కు పనిచేసినవాడు. అమెరికా తలుపు తెరుచుకుంది.

ఆ తలుపు అవతల అప్పటికే జాతర నడుస్తోంది. 1981 ఆగస్టులో మొదలైన ఎంటీవీ పాటను కంటికి చూపించే సరుకుగా మార్చింది. 1983లో క్వయట్ రయట్ ఆల్బమ్ ‘మెటల్ హెల్త్’ అమెరికా జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. హెవీ మెటల్ ఆల్బమ్ ఆ స్థానానికి చేరడం అదే మొదలు. లాస్ ఏంజెలిస్‌లో మాట్లీ క్రూ వంటి బ్యాండ్లు జెండా ఎగరేస్తున్నాయి. ఆ విందుకు హనోయ్ రాక్స్ పిలుపందిన అతిథిలా వెళ్లింది.

యాత్ర నడుమ మన్రో కాలి చీలమండ విరిగింది. కచేరీలు ఆగాయి. ఆ ఖాళీ రోజుల్లో, 1984 డిసెంబరు 8న, మాట్లీ క్రూ గాయకుడు విన్స్ నీల్ తాగి కారు నడిపాడు. రాజిల్ పక్కన కూర్చున్నాడు. మందు తెచ్చుకునేందుకని బయల్దేరారు. కారు ఎదురు కారును గుద్దింది. రాజిల్ చనిపోయాడు, 24 ఏళ్లు. ఎదురు కారులో ఇద్దరికి తీవ్ర గాయాలు. నీల్‌కు పడిన జైలు శిక్ష 30 రోజులు, దాంట్లోనూ కొంత మిగిలుండగానే బయటికొచ్చాడు. పరిహారం 25 లక్షల డాలర్లకు పైగా కట్టాడు. మాట్లీ క్రూ తర్వాతి ఆల్బమ్‌ను రాజిల్‌కు అంకితమిచ్చింది.

1985 జనవరిలో హెల్సింకిలో కచేరీ చేశారు. ది క్లాష్ బ్యాండులో వాయించిన టెర్రీ చైమ్స్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. తర్వాత సామి యాఫ్ఫా వెళ్లిపోయాడు. అతుకులేసుకుని పోలండ్‌లో వాయించారు. ఆ వేసవిలోనే బ్యాండు విడిపోయింది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. బ్యాండు పోయిన తర్వాతే దాని వేషానికి గిరాకీ పెరిగింది. 1986లో పాయిజన్ మొదటి ఆల్బమ్ మీద ఉన్న నాలుగు మొహాలు చూడండి, హెల్సింకి కాటుక కనబడుతుంది. గన్స్ అండ్ రోజెస్ తమ లేబుల్ మీద హనోయ్ రాక్స్ పాత ఆల్బమ్‌లను మళ్లీ విడుదల చేయించింది. 1991 సెప్టెంబరులో నిర్వానా ‘నెవర్‌మైండ్’ వచ్చింది. గళ్ల చొక్కా, దువ్వని జుట్టు కొత్త వేషమయ్యాయి. ఒకటి రెండేళ్లలో గ్లామ్ మెటల్ కంపెనీలకు పాత సరుకైపోయింది. హనోయ్ రాక్స్ తన కాలం కన్నా ముందు పుట్టి, తన కాలం రాకముందే పోయింది.

పదిహేను రోజుల కథ

దండారి రాజ్‌గోండుల పండుగ. ఉమ్మడి ఆదిలాబాద్ అంతటా, ముఖ్యంగా ఆసిఫాబాద్, ఉట్నూరు కొండల్లో జరుగుతుంది. దసరా తర్వాతి పున్నమి వెళ్లాక మొదలై దీపావళి అమావాస్య దాకా, పది పదిహేను రోజులు. ఊరి మేళంలో ఇరవై ముప్ఫైమంది ఉంటే వాళ్లలో గుస్సాడీలు కొందరే. డప్పు, తుడుం, గుమేల, సన్నాయి వంటి పెప్రె, కొమ్మువాద్యం కాలికోం మోగుతాయి. ఒక ఊరి మేళం ఇంకొక ఊరికి అతిథిగా పోతుంది. ఆ ఊరు ఎదురొచ్చి కాళ్లు కడిగి అన్నం పెడుతుంది. రాత్రంతా ఆట. పడుచువాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు, పెద్దలు వియ్యం మాటలు కలుపుతారు. కొన్ని మేళాలు దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడికి పోతాయి. గోండీలో కాకో అంటే అమ్మమ్మ.

గుస్సాడి వేషం కట్టినవాడు ఏత్మాసూర్ దేవుడి రూపం. ఆ రోజుల్లో అతనికి స్నానం లేదు. దీక్ష నియమాలుంటాయి. అతని చేతికర్ర తాకితే రోగం పోతుందని నమ్మకం. అల్లరి చేసే హక్కు కూడా అతనికుంది. పిల్లలను బెదిరిస్తాడు, పెద్దలను ఆటపట్టిస్తాడు. ఎవరూ నొచ్చుకోరు.

చివరి రోజును కోలబొడి అంటారు. ఊరి బయట పూజ చేసి, వేషం విప్పి, స్నానం చేసి, దేవుడు మనిషై ఇంటికొస్తాడు. మరునాడు చేనులో పని.

నలభైలలో మార్లవాయిలో కాపురమున్న ఆస్ట్రియా పరిశోధకుడు హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఈ జీవితాన్ని దగ్గరుండి చూశారు. 1948లో వచ్చిన ఆయన పుస్తకం రాజ్‌గోండుల గురించి ఇప్పటికీ ఆధారగ్రంథం. వాళ్లిద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆ మార్లవాయివాడే గుస్సాడి కనకరాజు. 2021లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024 అక్టోబరులో, దండారి దినాల్లోనే కన్నుమూశాడు.

జుట్టు, ఈక

రెండు వేషాల్లోనూ కన్ను ముందు తల మీదికే పోతుంది. ఉన్న మనిషిని జానెడు పెంచి చూపడం అలంకారానికి పాత ఎత్తుగడ. మన యక్షగానం కిరీటం చేసిందీ అదే, చిందు భాగవతుల భుజకీర్తులు చేసిందీ అదే.

కానీ ముడిసరుకు వేరు. గ్లామ్ మెటల్ జుట్టు డబ్బాలోంచి చిమ్మిన జిగురు మీద నిలబడుతుంది. రాత్రి నిలబడుతుంది, పొద్దున తలస్నానంతో కూలుతుంది. రేపటి కచేరీకి మళ్లీ ఒక డబ్బా. ఆ వేషం బతకాలంటే అంగడి తెరిచి ఉండాలి. గుస్సాడి కిరీటం ఒక్క రోజులో తయారు కాదు. నెమలి రాల్చిన ఈకలను ఏరి, దాచి, కూర్చి, కట్టాలి. వందల ఈకలు కావాలి. 1972 నాటి వన్యప్రాణి చట్టం నెమలిని చంపడాన్ని గట్టిగా నిషేధించింది, దానంతట అది రాల్చిన ఈకను మాత్రం మినహాయించింది. నెమలి ఏటా ఈకలు రాలుస్తుంది, ఏటా కొత్తవి తొడుక్కుంటుంది. పక్షి కూడా తన సింగారాన్ని ఏడాది పొడుగునా మోయదు. గుస్సాడి తలపాగా ఆ పక్షి దగ్గర ఈకలతోపాటు ఆ పద్ధతినీ తీసుకుందని నాకనిపిస్తుంది.

ఆడతనం విషయానికి వస్తే, మన్రో పెదవిరంగు ఒక సవాలు. చూసేవాడిని ఇబ్బందిపెట్టడమే దాని పని. మా మామ అడిగిన ప్రశ్నను ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అడగాలి, అడగకపోతే ఆ రంగు వృథా. పోరీల చీరలో సవాలు లేదు. గుస్సాడీ పక్కన వాళ్లకొక స్థానముంది, ఆ స్థానానికొక పేరుంది. పేరున్న వేషం ప్రశ్నను పుట్టించదు. అందుకే ఒకటి నవ్వు తెప్పించింది, ఇంకొకటి తెప్పించలేదు. ఇంతవరకు మా మామ చూపు నిజమే.

కానీ ఇద్దరికీ కలిపి వేయాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆడవాళ్ల అలంకారం తీసుకున్నారు సరే, ఆడవాళ్లేరి? గోండు ఆడవాళ్లకు తమ ఆటలు, రేలా పాటలు విడిగా ఉన్నాయి. కానీ ఈకల కిరీటం వాళ్ల తలకెక్కదు. గ్లామ్ మెటల్‌లోనూ అంతే. విక్సెన్ వంటి ఆడవాళ్ల బ్యాండు 1988లో మంచి ఆల్బమ్ తెచ్చినా, దాన్ని మినహాయింపుగానే చూశారు. దేవుడి పేరుతో నడిచే వేషం, డబ్బు పేరుతో నడిచే వేషం ఈ ఒక్క విషయంలో చక్కగా ఏకాభిప్రాయానికొచ్చాయి.

పేరు

మత్తి మైఖేల్ అయ్యాడు, అంత్తి ఆండీ అయ్యాడు. యాన్ స్టెన్‌ఫోర్స్ అనే కుర్రవాడు నాస్టీ సూసైడ్ అయ్యాడు. ఆత్మహత్య అనే మాటను ఇంటిపేరుగా పెట్టుకోవడానికి పద్దెనిమిదేళ్ల వయసే ఉండాలి. ఫిన్లాండ్ కుర్రవాడి పేరు ఇంగ్లీషు అంగట్లో చెల్లదన్న లెక్క కూడా దాంట్లో ఉంది. ఆ పేరు అతికించుకున్నది పగటికీ రాత్రికీ కలిపి. అన్నం తినేటప్పుడూ నాస్టీ సూసైడే, నిద్రపోయేటప్పుడూ నాస్టీ సూసైడే.

గుస్సాడి కట్టినవాడి సొంత పేరు ఆ పదిహేను రోజులు మరుగున పడుతుంది. వచ్చిన పేరు కూడా అతనిది కాదు, దేవుడిది. నిరుడు వేరొకరు మోశారు, వచ్చే ఏడు ఇంకొకరు మోస్తారు. పేరు బరువు మెడ మీద ఎక్కువకాలం నిలవదు.

దీనికొక ఖరీదుంది, దాన్ని దాచకూడదు. గుస్సాడికి కర్త లేడు. ఇన్ని తరాల్లో ఏ ఊళ్లో ఏ మనిషి ఏ అడుగు కొత్తగా వేశాడో మనకు దొరకదు. ఈ ఆటలో గొప్ప కళాకారుడు పుట్టినా ఆటలోనే కరిగిపోతాడు. కనకరాజు పేరు మనకు తెలియడానికి ఢిల్లీ వేదిక, పద్మ పురస్కారం కావలసి వచ్చాయి. హనోయ్ రాక్స్‌లో అయితే ఏ పాట ఎవరిది, ఏ గిటారు ముక్క మెకాయ్‌ది, ఎక్కడ మన్రో శాక్సోఫోన్ అందుకున్నాడు అన్నీ తెలుసు. ఆరేళ్లలో ఆ అయిదుగురు తమకంటూ ఒక గొంతు తెచ్చుకున్నారు. ఎవరి కర్రా తాకకుండా, ఏ దేవుడి అనుమతీ లేకుండా తెచ్చుకున్నారు. ఆధునిక కళ అంటే అదే కదా. ఊరు పెట్టిన పేరు వద్దని ఎవరికి వాళ్లు పేరు పెట్టుకోవడం. ఆ స్వేచ్ఛను గుస్సాడి ఇవ్వలేడు.

ఎవరి ముంగిట్లో

దండారి మేళం వియ్యం కలపదగిన ఊరికి పోతుంది. ఈ ఏడు మీరు మాకు అన్నం పెట్టారు, తర్వాత మేం మీకు పెడతాం. కళ ఇక్కడ బాకీ. అతిథి మితిమీరితే మందలించే పెద్ద అక్కడుంటాడు, ఎందుకంటే రేపు ఆ అతిథి అల్లుడు కావచ్చు.

హనోయ్ రాక్స్ పోయిన ఊళ్లలో వాళ్లకు చుట్టాలు లేరు. టికెట్ కొన్నవాడికీ పాడినవాడికీ నడుమ బాకీ ఆ రాత్రికే తీరిపోతుంది. లాస్ ఏంజెలిస్‌లో వాళ్లను పిలిచి ఆతిథ్యమిచ్చింది తమలాగే వేషం కట్టిన ఇంకొక బ్యాండు. ఆ ఇంట పెద్ద ఎవరు? తాగింది చాలు, తాళాలు ఇటియ్యి అనేదెవరు? అక్కడున్నవాళ్లంతా వేషంలోనే ఉన్నారు. గుస్సాడికి అల్లరి హక్కు ఉన్నట్టే రాక్ గాయకుడికీ అల్లరి హక్కును లోకం ఇచ్చింది. కానీ దాని గడువు చెప్పలేదు. చీలమండ విరిగి ఆట ఆగిన రోజు కూడా వేషం ఆగలేదు. రాజిల్ కచేరీలో చావలేదని గుర్తుంచుకోవాలి. కచేరీ లేని రోజున చచ్చిపోయాడు.

నేను చెప్పదలచిన మాట ఇక్కడుంది. వేషం కట్టే పద్ధతి రెండు చోట్లా ఉంది. అద్దం ముందు గంటల కొద్దీ కూర్చోవడం, ఒకరికొకరు రంగు దిద్దుకోవడం, కొత్త పేరుతో లేచి నిలబడటం గూడెంలోనూ ఉంది, లండన్ గదిలోనూ ఉంది. విప్పే పద్ధతి మాత్రం ఒక్కచోటే ఉంది. కోలబొడి లేని దండారి హనోయ్ రాక్స్.

ఋతువు

ఇంత చెప్పాక నా వాదన మీద నాకే ఒక అనుమానం. ఇది దేవుడు మంచి, అంగడి చెడు అనే పాత పాటేనా? కాదని చెప్పడానికి సాక్ష్యం మా జిల్లాలోనే ఉంది.

గడ్చిరోలి ఉత్తరాన దేసాయిగంజ్ ఊరినే వడసా అంటారు. చలికాలం వస్తే అక్కడి నుంచి మరాఠీ నాటక కంపెనీలు బయల్దేరుతాయి. అది ఝాడీపట్టీ రంగభూమి. గడ్చిరోలి, చంద్రపూర్, గోండియా, భండారా జిల్లాల ఊళ్లలో రాత్రంతా నాటకం. దీపావళి తర్వాత మండయీ జాతరలతో జోరందుకుని హోళీ దాకా నడుస్తుంది. దాని మూలాల్లో ఒక జానపద ఆట ఉంది, దాని పేరు కూడా దండార్. ఒకే మాట నదికి అటు దేవుడి ఆట, ఇటు నాటకం. ఝాడీపట్టీ ముమ్మాటికీ వ్యాపారమే. టికెట్లుంటాయి, పోస్టర్లుంటాయి, కంపెనీల మధ్య పోటీ ఉంటుంది. ఈ రంగస్థలానికే చెందిన పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఈ అంగడికి ఋతువుంది. వరి కోతలయ్యాక తెరుస్తారు, హోళీకి మూస్తారు. నటుడు మళ్లీ నాగలి పడతాడు. గ్లామ్ మెటల్‌కు లేనిది దేవుడు కాదు, వ్యవసాయం. అంటే ఏడాదిలో కొన్ని నెలలైనా తాను నటుడు కాకుండా ఉండగలిగే బతుకు.

మా రాష్ట్రం రెండో కొసన, ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల దూరాన, బొంబాయిలో ఇంకొక జవాబు దొరికింది. హనోయ్ రాక్స్ రాజిల్‌ను పోగొట్టుకున్న 1984లోనే అక్కడ రాక్ మెషీన్ పుట్టింది. పక్కా గ్లామ్ మెటల్ అనలేం గానీ ఆ కాలపు హార్డ్ రాక్ తళుకు దాని మీద బాగానే పడింది. 1988లో, 1990లో ఆల్బమ్‌లు తెచ్చింది. 1993లో ఇండస్ క్రీడ్ అని పేరు మార్చుకుంది. పేరుతోపాటు ధోరణీ మారింది, తబలా, సారంగి వంటి ఇక్కడి శబ్దాలకు చోటు దొరికింది. 1997లో ఆగింది, 2010లో మళ్లీ కలిసింది. కాలం మారిందని గుర్తించి పాత చొక్కా తామే విప్పారు. హనోయ్ రాక్స్‌కు ఆ వ్యవధి దొరకలేదు.

దొరకలేదా? కాస్త ఆగి చూడాలి. మన్రో, మెకాయ్ 2001లో మళ్లీ కలిశారు. కొత్త ఆల్బమ్‌లు చేశారు. 2009 ఏప్రిల్‌లో, ఇక చాలని తామే నిర్ణయించుకుని, హెల్సింకిలో తవాస్తియా క్లబ్బులో ఆరు రోజుల్లో ఎనిమిది వీడ్కోలు కచేరీలు చేశారు. బయల్దేరిన ఊళ్లోనే, చిన్న వేదిక మీద, తేదీ ముందే చెప్పి ముగించారు. మొదటిసారి ప్రమాదం ఆపింది, రెండోసారి తాము ఆగారు. అది వాళ్ల కోలబొడి, ఇరవై నాలుగేళ్లు ఆలస్యంగా. నాస్టీ సూసైడ్ అంతకు ఎప్పుడో యాన్ స్టెన్‌ఫోర్స్‌గా మారి, ఫార్మసీ చదివి, మందుల అంగట్లో నిలబడ్డాడు. గ్లామ్ మెటల్ చరిత్రలో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే.

గుస్సాడికి మాత్రం రాబోయే రోజులు సులువుగా లేవు. ఇప్పుడతను మంత్రులకు స్వాగతం చెప్పే తోరణం. ఏ నెలలోనైనా పిలుస్తారు. బస్సెక్కి వెళ్లి, కిరీటం పెట్టుకుని, నాలుగు నిమిషాలు ఆడి, ఫొటో దిగి, తీసేస్తాడు. అక్కడ దీక్ష లేదు, ఎదురొచ్చి కాళ్లు కడిగే ఊరు లేదు, స్నానంతో తిరిగి మనిషయ్యే ఘడియ లేదు. పేరూ కూలీ దక్కుతాయి, వాటిని వద్దనే హక్కు మనకెవరికీ లేదు. ఢిల్లీ వేదిక లేకపోతే కనకరాజు పేరు నేను రాయగలిగేవాణ్ణి కాదు. కానీ ఋతువు తప్పిన గుస్సాడికీ, అంగడి తెరిచినంతసేపూ జుట్టు లేపి నిలబడ్డ గ్లామ్ గాయకుడికీ దూరం తగ్గుతోంది. గుస్సాడి కళ చచ్చిపోతుందేమోనని అందరూ భయపడతారు. అసలు భయం అది ఎప్పటికీ ముగియకుండా నడుస్తుందేమోనని.

మొన్న సాయంత్రం మామకు రాజిల్ కథ మొత్తం చెప్పాను. చీలమండ విరగడం, కచేరీ ఆగడం, కారు, 24 ఏళ్లు. ఈసారి ఆయన నవ్వలేదు. ఫోను అడిగి తీసుకుని, ఆ అయిదు మొహాలనూ ఒకటొకటిగా పెద్దవి చేసి చూశాడు.

"గా దేశంల వాళ్లను ఇగ ఇంటికి పోండ్రి బిడ్డా అని చెప్పెటోడు ఒక్కడు లేకుండెనారా?" అన్నాడు.